వీడ్కోలు తర్వాత పాల్ సైమన్ ‘సెవెన్ సామ్స్’: ఎందుకు చేశారు, ఎలా వినాలి?

మీరు అడిగినదాంట్లో మూడు సందేహాలు కలిసి ఉన్నాయి. 2018లో వీడ్కోలు పర్యటన చేసి సెలవు తీసుకున్న అమెరికన్ గాయకుడు, గీతరచయిత పాల్ సైమన్ 2023లో ‘సెవెన్ సామ్స్’ (ఏడు కీర్తనలు) అనే కొత్త ఆల్బమ్‌తో ఎందుకు వచ్చారన్నది మొదటిది. ఆ ఆల్బమ్‌లో ఏడు భాగాలు ఉన్నా, వాటిని విడివిడిగా వినే వీలు లేకుండా 33 నిమిషాల ఒకే ట్రాక్‌గా ఎందుకు పెట్టారన్నది రెండవది. అడుగడుగునా దేవుడి ప్రస్తావన వస్తోంది కనుక దీన్ని భక్తి సంగీతంగా తీసుకోవాలా, ఆయన పాత పాటలను ఇష్టపడినవారికి ఇందులో దొరికేది ఏమైనా ఉందా అన్నది మూడవది. వేళ్ళతో మీటే గిటార్ వాయిద్యాన్ని చాలాకాలంగా నేర్పుతున్నవాడిని కాబట్టి నా సమాధానం గిటార్ వైపు కొంత మొగ్గుతుంది. ఈ ఆల్బమ్ విషయంలో ఆ మొగ్గు అవసరమే అనుకుంటున్నాను, ఎందుకంటే ఇందులో మాటలకంటే ముందు పుట్టింది గిటార్ సంగీతమే.

ముందు ఆ వీడ్కోలు సంగతి చూద్దాం. 2018 ఫిబ్రవరిలో సైమన్ ప్రకటించింది పర్యటనల విరమణ మాత్రమే, సంగీత రచన విరమణ కాదు. కుటుంబానికి దూరంగా ఉండవలసి రావడంతో పాటు, తన బృందంలో సుమారు మూడు దశాబ్దాల పాటు గిటార్ వాయించిన కామెరూన్ దేశస్థుడు విన్సెంట్ ఎన్గిని 2017 డిసెంబరులో మరణించడాన్ని కూడా ఆయన ఒక కారణంగా చెప్పారు. చివరి కచేరీ 2018 సెప్టెంబర్ 22న న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో, తాను పెరిగిన పేటకు దగ్గరలోనే ఉన్న ఫ్లషింగ్ మెడోస్ పార్కులో జరిగింది. అదే నెలలో ‘ఇన్ ద బ్లూ లైట్’ అనే ఆల్బమ్ విడుదలైంది. అందులో ఉన్నవి కొత్త పాటలు కావు. గతంలో అంతగా ఎవరూ పట్టించుకోని తన పది పాటలను ఆయన తిరగరాసి, కొత్త వాద్యాలతో మళ్ళీ పాడారు. నలభై ఏళ్ళ కిందటి పాటలో ఒక వాక్యం కుదరలేదని వెనక్కి వెళ్ళి సరిదిద్దుకునే మనిషి, వేదిక దిగాడు కాబట్టి రాయడం కూడా మానేస్తాడని నేను అప్పుడూ అనుకోలేదు.

ఆ తర్వాత నాలుగు నెలలు కూడా గడవకముందే, 2019 జనవరి 15 రాత్రి, తాను ‘సెవెన్ సామ్స్’ అనే రచన మీద పనిచేస్తున్నట్టు కల వచ్చిందని, లేచి ఆ పేరును, తేదీని కాగితం మీద రాసిపెట్టుకున్నానని సైమన్ చెప్పారు. అప్పటికి ఆయన వయసు 77. దాదాపు ప్రతి సమీక్షా ఈ కలతోనే మొదలవుతుంది గానీ, కలకన్నా దాని తర్వాత జరిగినదే నాకు ముఖ్యంగా కనిపిస్తుంది. ఆయన వెంటనే పాట కట్టడానికి కూర్చోలేదు. చాలాకాలం గిటార్ మీద చిన్న చిన్న సంగీత భాగాలను మాత్రమే పోగుచేసుకున్నారు. తర్వాత వారంలో రెండు మూడు రాత్రులు, తెల్లవారుజామున మూడున్నర నుంచి ఐదు గంటల మధ్య మెలకువ వచ్చి మాటలు తోచేవని, వాటిని అప్పటికప్పుడు రాసుకున్నానని అన్నారు. చివరికి ఆల్బమ్ 2023 మే 19న విడుదలైంది. అంటే కల వచ్చిన నాటి నుంచి నాలుగేళ్ళకు పైగా పట్టిన పని ఇది. దాన్ని కేవలం కల మహిమగా చెప్పుకుంటే ఆ పనిని తక్కువ చేసినట్టే అవుతుంది.

‘పునరాగమనం’ అనే మాటను కూడా ఇక్కడ కాస్త జాగ్రత్తగా వాడాలి. బ్రిటిష్ గాయని వష్టి బున్యన్ 1970లో ఒక ఆల్బమ్ చేసి, దాన్ని ఎవరూ పట్టించుకోకపోవడంతో సంగీతాన్నే వదిలేసి, 35 ఏళ్ళ తర్వాత 2005లో రెండవ ఆల్బమ్ చేశారు. కెనడా గాయని జోని మిచెల్ 2015లో మెదడులో రక్తనాళం చిట్లి, మాట, నడక మళ్ళీ నేర్చుకుని, 2022లో న్యూపోర్ట్ ఫోక్ (జానపద సంగీత) ఫెస్టివల్ వేదిక ఎక్కారు. వీరిద్దరివి అసలైన పునరాగమనాలు. (2024 గ్రామీ అవార్డుల్లో ఉత్తమ ఫోక్ ఆల్బమ్ విభాగంలో ‘సెవెన్ సామ్స్’ పోటీపడి ఓడింది మిచెల్ పాడిన ఆ న్యూపోర్ట్ కచేరీ రికార్డింగ్ చేతిలోనే.) సైమన్ మాత్రం ఎక్కడికీ వెళ్ళలేదు. పెద్ద మైదానాలు, దీపాలు, పదిహేను మంది వాద్యబృందం వంటివన్నీ వదిలేసి, తన తొలి పనిముట్టు దగ్గరకు చేరారు. నా దృష్టిలో ఈ ఆల్బమ్‌లోని అంతర్మథనం అక్కడే మొదలవుతుంది.

ఆ తొలి పనిముట్టు కథ కొంత తెలిస్తే ఆల్బమ్ ఇంకా బాగా పట్టుబడుతుంది. 1964లో తన తోటి గాయకుడు ఆర్ట్ గార్ఫంకెల్‌తో జంటగా చేసిన మొదటి ఆల్బమ్ అమ్ముడుపోకపోవడంతో సైమన్ ఇంగ్లండ్ వెళ్ళి అక్కడి చిన్న ఫోక్ క్లబ్బుల్లో పాడారు. మార్టిన్ కార్తీ, డేవీ గ్రేయమ్ వంటి బ్రిటిష్ ఫోక్ గిటారిస్టుల పద్ధతి ఆయనకు అక్కడే అబ్బింది. అందులో బొటనవేలు మంద్ర తీగల మీద లయను నిలబెడుతూ ఉంటే, మిగతా వేళ్ళు పై తీగల మీద స్వరాన్ని నడుపుతాయి. వాయించేది ఒక్కరే అయినా వినేవారికి ఇద్దరు వాయిస్తున్నట్టు ఉంటుంది. ఆయన విదేశంలో ఉండగానే, 1965 జూన్‌లో, నిర్మాత టామ్ విల్సన్ ఆ మొదటి ఆల్బమ్‌లోని ‘ద సౌండ్ ఆఫ్ సైలెన్స్’ పాట పాత రికార్డింగ్ మీద ఎలక్ట్రిక్ గిటార్, బేస్, డ్రమ్స్ జోడించారు. ఆ పని గురించి ఇద్దరు గాయకులకూ ముందుగా తెలియదు. 1966 జనవరి నాటికి అది అమెరికాలో మొదటి స్థానానికి చేరింది. జానపద బాణీకి రాక్ వాద్యాలు జోడించే ఫోక్ రాక్ అనే పేరు జనం నోళ్ళలో స్థిరపడటానికి కారణమైన పాటల్లో అదొకటి. అంటే సైమన్‌ను ఫోక్ రాక్ గాయకుణ్ణి చేసిన వాద్యాలు ఆయన వెనకనుంచి, ఆయనకు చెప్పకుండా వచ్చి చేరినవి. ‘సెవెన్ సామ్స్’లో అలా చేరినవన్నీ పోయాయి. ఆల్బమ్ మొత్తం విద్యుత్తు లేని వాద్యాలతోనే సాగుతుంది, వాటిలోనూ ఎక్కువ భాగం ఆయనే స్వయంగా వాయించారు.

ఆరంభాన్ని కాస్త దగ్గరగా వినండి. ముందు దూరంగా గంటలు మోగినట్టు ఒక నాదం వస్తుంది. అది లోహపు గంటల శబ్దం కాదు. అమెరికన్ స్వరకర్త హ్యారీ పార్చ్ (1901-1974) తన సొంత స్వరవ్యవస్థ కోసం తయారుచేసుకున్న వాద్యాల్లో ‘క్లౌడ్ చేంబర్ బౌల్స్’ ఒకటి. బర్కిలీలోని రేడియేషన్ ప్రయోగశాలలో వాడి పారేసిన పెద్ద గాజు జాడీలను కోసి, ఆ గిన్నెలను చట్రానికి వేలాడదీసి, అంచు దగ్గర మెత్తగా కొట్టి మోగిస్తారు. మన జలతరంగం విన్న చెవికి ఈ నాదం పూర్తిగా కొత్తగా ఉండదు గానీ, ఇక్కడి గిన్నెలు చాలా పెద్దవి కాబట్టి నాదంలో బరువు ఎక్కువ, అది నిలిచే సమయమూ ఎక్కువ. పార్చ్ ఒక స్థాయిని (స నుంచి పై స వరకు ఉన్న దూరాన్ని) 43 స్వరాలుగా విభజించారు. 22 శ్రుతుల గురించి చదివిన మనవారికి ఇది వెంటనే ఆసక్తి కలిగించే సంగతి. పియానో మెట్ల మధ్య పడిపోయే సూక్ష్మ స్వరాలు ఈ గిన్నెల్లో దొరుకుతాయి. పక్కనే మామూలు శ్రుతిలో ఉన్న గిటార్ మోగుతున్నప్పుడు, ఆ రెండింటి మధ్య ఉన్న సన్నని తేడా వల్ల నేల కొంచెం కదిలినట్టు అనిపిస్తుంది. సైమన్ 2016లో చేసిన ‘స్ట్రేంజర్ టు స్ట్రేంజర్’లోనూ పార్చ్ వాద్యాలను వాడారు, కానీ అక్కడ అవి వింత రంగులుగా వచ్చిపోతాయి. ఇక్కడ అవి విశ్వాసం గురించిన ప్రశ్నకు చోటు సిద్ధం చేస్తాయి.

ఆ నాదం తగ్గుతుండగా గిటార్ ఒంటరిగా ప్రవేశిస్తుంది. గిటార్ నేర్చుకునేవారు ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఆయన తాళానికి కట్టుబడి వాయించడం లేదు. ఒక పదబంధం ముగిసిన చోట తీగ దానంతట అది అణగేదాకా ఆగి, ఆ తర్వాతే బొటనవేలు కదుపుతారు. వేగం చూపించే సందర్భం ఒక్కటీ లేదు. మా దగ్గర నేర్చుకునేవారికి స్వరాలు వాయించడం తేలికగానే వస్తుంది, ఆగవలసిన చోట ఆగడం మాత్రం రాదు. ఎనభై దాటిన గొంతు కూడా ఇక్కడ అదే పద్ధతి పాటిస్తుంది. పై స్థాయికి ఎగబాకే ప్రయత్నం చేయకుండా, మాట్లాడటానికి కొంచెం ఎగువన, పాడటానికి కొంచెం దిగువన నిలబడుతుంది.

ఇక ఒకే ట్రాక్ సంగతికి వస్తాను. మొదటి భాగం ‘ద లార్డ్’లో వినిపించే గిటార్ స్వరాలు, ప్రభువును ఉద్దేశించిన వర్ణనా ఆల్బమ్ మధ్యలో మళ్ళీ మళ్ళీ తిరిగి వస్తాయి. మన కృతిలో చరణం పాడాక పల్లవికి తిరిగి వచ్చినప్పుడు అవే మాటలు కొత్త అర్థంతో వినిపిస్తాయి. సైమన్ దీనికి ఎదురు పని చేస్తారు. స్వరం మారకుండా తిరిగి వస్తుంది, మాటలు మాత్రం ప్రతిసారీ మారిపోతాయి. మొదట ప్రభువు అడవి, ఆ అడవికి కాపరి, పేదవాడికి అన్నం, పరాయివాడికి తెరిచి ఉంచిన తలుపు. అదే ప్రభువు తర్వాత కోవిడ్ వైరస్ అవుతాడు, ఉప్పొంగుతున్న సముద్రం అవుతాడు. మొదటిసారి సాంత్వన ఇచ్చిన స్వరమే తర్వాత భయపెడుతుంది. భాగాలను ముక్కలుగా కోసి, ఎవరికి నచ్చింది వారు తమ జాబితాలో చేర్చుకునేలా ఇస్తే, ఈ రాకపోకలు ఎవరికీ వినిపించవు. వ్యాపారపరంగా ఇది నష్టమే. స్ట్రీమింగ్ సేవలు ట్రాక్‌ల లెక్కన వినికిడిని లెక్కిస్తాయి కాబట్టి, ఏడుగా రావలసినది ఇక్కడ ఒక్కటిగానే పడుతుంది. 2021లోనే తన పాటల ప్రచురణ హక్కులను సోనీ సంగీత సంస్థకు అమ్మేసిన మనిషికి ఆ లెక్క పెద్ద ఇబ్బంది కాకపోవచ్చు. అయినా మాధ్యమం తీరుకు ఎదురు నడవడం ఆయన తెలిసి చేసిన పనే.

మీ మూడవ సందేహమే అన్నింటికన్నా లోతైనది. సైమన్ యూదు కుటుంబంలో పుట్టారు. దావీదు పేరిట ప్రసిద్ధమైన కీర్తనలు ఆయన సంప్రదాయానికి చెందినవే. తెలుగు క్రైస్తవుల ఇళ్ళలో ఈ గ్రంథం బాగా పరిచయం కనుక, అందులోని 150 కీర్తనల్లో స్తోత్రాలు ఎన్ని ఉన్నాయో మొరలు, ఫిర్యాదులు, నిలదీతలు కూడా అన్ని ఉన్నాయని చాలామందికి తెలిసే ఉంటుంది. 22వ కీర్తన దేవుడు తనను విడిచిపెట్టాడన్న ఆక్రోశంతోనే మొదలవుతుంది. కాబట్టి ఆ పేరు చూసి ఇదంతా స్తుతి అనుకోనక్కరలేదు. విశ్వాసం ఉందా లేదా అని తనతో తాను చేసుకుంటున్న వాదమే ఈ రచన అని సైమన్ స్వయంగా చెప్పారు. మన రామదాసు చెరసాలలో రాముణ్ణి తిట్టిపోసినప్పుడు, ఆ తిట్టుకు బలం ఇచ్చింది రాముడు ఉన్నాడు, వింటున్నాడు అన్న నమ్మకమే. నిందాస్తుతి చేయాలంటే ఎదుట ఒకరు ఉండాలి. సైమన్ ఇబ్బంది దానికన్నా ఒక అడుగు ముందరిది. ఎదుట ఎవరైనా ఉన్నారా అన్నదే ఆయనకు తేలలేదు. అందువల్ల ఆయన తిట్టరు, వేడుకోరు. ప్రభువు ఏమేమి అయి ఉండవచ్చో పోల్చి చూసుకుంటూ పోతారు. భక్తిని వెతుక్కుంటూ వచ్చినవారికి ఇది చాలదు. అలాగని నాస్తికులకూ ఇది పూర్తిగా రుచించదు.

అన్ని భాగాలూ ఒకే ఎత్తులో లేవు. మూడవదైన ‘మై ప్రొఫెషనల్ ఒపీనియన్’ బ్లూస్ నడకలో, కొంత హాస్యంతో, ఫిర్యాదులతో బతికేవారిని ఎగతాళి చేస్తుంది. గంభీరమైన రెండు భాగాల తర్వాత ఊపిరి తీసుకోవడానికి అది పనికొస్తుంది గానీ, విడిగా చూస్తే పలుచనిది. వోచెస్ ఎయిట్ అనే బ్రిటిష్ గాయక బృందం అక్కడక్కడా జోడించిన స్వరసమ్మేళనం కూడా నాకు ఒక్కోచోట మరీ నునుపుగా తోస్తుంది. ముడతలు పడిన ఆ గొంతు పక్కన అంత నిష్కల్మషమైన గానం వినిపిస్తే, సందేహానికి సమాధానం ముందే దొరికేసినట్టు అనిపిస్తుంది. ఆరవదైన ‘ద సేక్రెడ్ హార్ప్’ దారిపక్కన నిలిచిన ఇద్దరిని బండెక్కించుకున్న కథ. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో అదే పేరుతో 1844 నుంచి వాడుకలో ఉన్న ఒక పాటల పుస్తకం, దాని చుట్టూ గుంపుగా గొంతెత్తి పాడే సంప్రదాయం ఉన్నాయి. పేరు ఆ సంప్రదాయాన్ని గుర్తుచేసినా, పాట మాత్రం చాలా మెల్లగా సాగుతుంది.

నేను పదేపదే తిరిగి వినేది ఐదవ భాగాన్ని, ఏడవ భాగాన్ని. ‘ట్రెయిల్ ఆఫ్ వాల్కెనోస్’లో కుర్రతనంలో గిటార్ పట్టుకుని దారిన పడ్డ మనిషి, అదే రకమైన దారుల్లో ఇళ్ళు వదిలి నడుస్తున్న శరణార్థులను చూస్తాడు. ఒకరిది ఇష్టపడి పోయిన ప్రయాణం, మరొకరిది ప్రాణం కోసం చేస్తున్న ప్రయాణం. చేసిన నష్టాన్ని పూడ్చుకోవడానికి మిగిలిన కాలం చాలా కొంచెమన్న విచారం అక్కడ వస్తుంది. తన ‘గ్రేస్‌లాండ్’ (1986) ఆల్బమ్ కోసం, వర్ణవివక్ష కారణంగా దక్షిణాఫ్రికా మీద సాంస్కృతిక బహిష్కారం అమలులో ఉన్న కాలంలోనే సైమన్ అక్కడికి వెళ్ళి రికార్డు చేయడం, దాని మీద చెలరేగిన వివాదం గుర్తున్నవారికి ఆ విచారం మరింత బరువుగా వినిపించవచ్చు. పాట ఆ పేరేమీ ఎత్తదు, ఇది నా ఊహ మాత్రమే. చివరిదైన ‘వెయిట్’లో ఆయన మృత్యువును కాస్త ఆగమంటారు. చెయ్యి ఇంకా వణకడం లేదు, బుద్ధి ఇంకా స్పష్టంగానే ఉంది, ఇంకా సిద్ధం కాలేదు అంటారు. అప్పుడు భార్య ఈడీ బ్రికెల్ గొంతు వచ్చి చేరుతుంది. ఆమె వాదించదు, నచ్చజెప్పదు, స్వర్గం కూడా ఇల్లు లాంటి చోటే అన్నట్టు పాడుతుంది. ఇద్దరూ కలిసి ‘ఆమెన్’ అనడంతో ఆల్బమ్ ముగుస్తుంది. ప్రశ్నకు సమాధానం మాత్రం రాదు. వాదన ఆగిందంతే.

ఈ రచన పూర్తవుతున్న దశలోనే సైమన్ ఎడమ చెవి వినికిడి దాదాపు పూర్తిగా పోయింది. సంగీతకారుడికి ఇది శబ్దం సగానికి తగ్గడం కాదు. శబ్దం ఎటునుంచి వస్తోందో మెదడు పోల్చుకునేది రెండు చెవులకూ అది చేరడంలో ఉండే సూక్ష్మమైన తేడాను బట్టి. ఒక చెవి పోతే ఆ దిశాజ్ఞానం పోతుంది. వేదిక మీద డ్రమ్స్, బేస్, తన గొంతు అన్నీ ఒకే ముద్దగా వినిపిస్తాయి, శ్రుతి నిలుపుకోవడమే కష్టమవుతుంది. ఆల్బమ్ వచ్చినప్పుడు ఆయన దీన్ని కచేరీల్లో వినిపించగలనని ధైర్యంగా చెప్పలేకపోయారు. తర్వాత స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో వినికిడి లోపం మీద పనిచేస్తున్న నిపుణుల సాయంతో, వేదిక మీద తన చుట్టూ స్పీకర్లను ప్రత్యేకంగా అమర్చుకునే పద్ధతి కుదిరాక, 2025 ఏప్రిల్‌లో న్యూ ఆర్లీన్స్ నుంచి ‘ఎ క్వయట్ సెలబ్రేషన్’ పేరుతో మళ్ళీ పర్యటన మొదలుపెట్టారు. పెద్ద మైదానాలు కాకుండా నాదం బాగా పలికే థియేటర్లను ఎంచుకున్నారు. కచేరీ మొదటి సగంలో ‘సెవెన్ సామ్స్’ మొత్తం ఆపకుండా వినిపించి, విరామం తర్వాతే పాత పాటలకు వచ్చారు. చాలామంది పాత పాటల కోసమే వస్తారని తెలిసి కూడా ఈ వరుస పెట్టుకోవడాన్ని బట్టి, ఈ ఆల్బమ్ ఆయనకు ఎంత ముఖ్యమో గ్రహించవచ్చు. వీడ్కోలు మాట తప్పారని ఎవరైనా అంటే నేను కాదనను. అయితే 2018లో ఆయన వదిలిన పర్యటన, 2025లో మొదలుపెట్టిన పర్యటన ఒకే రకమైనవి కావు.

వినే పద్ధతి గురించి నాకు తోచిన సలహా ఇది. ముందుగా 1965లో ఆయన లండన్‌లో గొంతు, గిటార్‌లతో మాత్రమే రికార్డు చేసిన ‘ద పాల్ సైమన్ సాంగ్‌బుక్’ వినండి. 23 ఏళ్ళ కుర్రవాడు తీగలను ఎంత గట్టిగా, ఎంత తొందరగా మీటాడో చెవికి పట్టించుకుని, వెంటనే ‘సెవెన్ సామ్స్’ పెట్టండి. మొదటిసారి మాటలను వెంబడించకండి, గిటార్ ఎక్కడ ఆగుతోందో మాత్రమే గమనించండి. మాటలు చేతిలో పెట్టుకుని వినడం రెండవసారికి ఉంచుకోండి. ఫోన్ స్పీకర్ మీద గాజు గిన్నెల కింది నాదం అసలు వినిపించదు కాబట్టి మంచి హెడ్‌ఫోన్స్ తప్పనిసరి. కారులో వినడం కూడా వద్దంటాను, ఇంజిన్ చప్పుడులో సగం ఆల్బమ్ మునిగిపోతుంది. రెండు మూడుసార్లు విన్నా మీకు ఒంటబట్టకపోతే బలవంతం చేసుకోవద్దు. దాన్ని పక్కన పెట్టి 1983లో వచ్చిన ‘హార్ట్స్ అండ్ బోన్స్’ వినండి. అప్పట్లో సరిగా అమ్ముడుపోని ఆ ఆల్బమ్‌లోనూ ఆయన ఇలాగే తనతో తాను మాట్లాడుకున్నారు. అక్కడ పాటలు విడివిడిగా ఉంటాయి, తాళం స్పష్టంగా ఉంటుంది కనుక మీకు దారి సులువవుతుంది.